చప్టా కొలత తాడు

పొలం పనికి బ్యాటరీ బండి కొందామని మా ఆయన వెంకటప్పయ్య నన్నూ గుణదల షోరూముకి తీసుకెళ్లారు. గోల్ఫ్ ఆడేవాళ్లు తిరిగే బండే, వెనక సీటు తీసేసి తొట్టి పెట్టారు. గడ్డిమోపులూ, ఎరువు బస్తాలూ, మధ్యాహ్నం అన్నం క్యారేజీతో నేనూ అందులోనే పోవాలి. ఉయ్యూరు దగ్గర మా పొలంలోకి దారి, పంటకాలువ మీద మేం వేసుకున్న చిన్న చప్టా. దాని వెడల్పుకి తాడు కొలిచి మరీ ఈయన జేబులో పెట్టుకున్నారు.

సేల్స్ అమ్మాయి స్పీడు గురించి చెబుతుంటే వింటేగా!

"ఛాయా, ఎక్కు. ఇక దిగు."

అందరి ముందూ మూడు బండ్లు ఎక్కించి దింపారు. నాకు ఒళ్లు మండింది.

"నేనేమన్నా ఎరువు బస్తానా? ఆ తాడేదో తీసి కొలవండి!"

నాలుగోది ఎక్కగానే ఆయన మొహం వెలిగిపోయింది. "ఇదేనమ్మా, బిల్లు రాసెయ్" అన్నారు.

మర్నాడు ఆ బండి చప్టా ముందు ఆగిపోయింది. చప్టా కంటే బండి జానెడు వెడల్పు. తాడు ఇంకా జేబులోనే ఉంది, చుట్టిన చుట్ట విప్పనే లేదు.

"కొలవడం మానేసి, నన్ను ఎక్కించి దింపి ఏం చూశారండీ అంతసేపు?" అని అరిచాను.

ఆయన కాలువకేసి చూస్తూ నెమ్మదిగా అన్నారు.

"నువ్వు మోకాలు పట్టుకోకుండా ఎక్కింది ఇదొక్కటేనే. చప్టాదేముంది, వెడల్పు చేయిద్దాం."