ఎర్రదారం కట్టిన కర్రలు

"నీ కర్రలన్నీ మళ్లీ పాతేశాను గొడుగులమ్మా! ఒక్కటీ పోలేదు" అన్నాడు గడ్డికోత మిషన్ నడిపే పెద్దాయన, గొప్ప ఉపకారం చేసినవాడిలా నవ్వుతూ.

ఆమె సైకిల్ దిగింది. "ఏ కర్రలు మావయ్యా?"

"అవేనమ్మా, కాలవగట్టు మీద ఎర్రదారం కట్టినవి. మొన్న ఎండలు తగ్గాక గడ్డి కొట్టాను చూడు, అప్పుడు బ్లేడుకి అడ్డమని పీకి పక్కన పెట్టా. పనయ్యాక వరసగా పాతా. నీ వరస కంటే నా వరసే బాగుంది, వెళ్లి చూసుకో."

"ఉన్నచోటే పాతావా?"

"ఉన్నచోటే. ఓ బారెడు అటూ ఇటూ."

ఆమె టైము చూసుకుంది. పదకొండూ నలభై. పన్నెండున్నరకి బస్ డిపో క్యాంటీన్లో నలభైమంది డ్రైవర్లు భోజనానికి కూర్చుంటారు. ఆ తర్వాత నలభై బస్సులు రోడ్డెక్కుతాయి. ఈ రోజు సూపులో పడిన దుంపలు తెల్లవారగానే తను తవ్వి తెచ్చినవే.

అడవి క్యారెట్ రెండేళ్ల మొక్క. మొదటి ఏడాది ఆకూ దుంపా మాత్రమే ఉంటాయి. రెండో ఏడాది తెల్లగొడుగులా పూస్తుంది; ఆమెని అందరూ గొడుగులమ్మ అనేది అందుకే. అప్పటికి దుంప కట్టెలా బిగుసుకుపోయి తినడానికి పనికిరాదు. పూసిన మొక్కని గుర్తుపట్టడం తేలిక. కాడ మీద నూగు ఉంటుంది. చాలా గొడుగుల నడుమ బొట్టు పెట్టినట్టు ఒక ముదురెరుపు పువ్వు కూడా ఉంటుంది. దాని పక్కనే అచ్చం అలాంటి ఆకులతో విషపు మొక్క పెరుగుతుంది. నున్నటి కాడ, దాని మీద ఊదారంగు మచ్చలు. ఆకు నలిపితే ఎలుకల గూడు తెరిచినట్టుంటుంది. అందుకే అందరూ దాన్ని ఎలుకకంపు అంటారు.

తినే దుంప పూయని మొక్కది. అందుకని ఆమె ఏటా పూలు చూసి పక్కన కర్ర పాతేది. గింజలు రాలి మొలిచిన పిల్లమొక్కల్ని చలికాలం చివర్లో ఆ కర్ర చుట్టూ తవ్వేది. పన్నెండేళ్లుగా ఇదే పద్ధతి. మొదట్లో ప్రతి ఆకూ పట్టి చూసేది. తర్వాత్తర్వాత కర్రని మాత్రమే చూసేది. ఈ పొద్దున మంచు కురుస్తుంటే చేతి తొడుగులు కూడా తీయలేదు.

క్యాంటీన్లో వంటవాడు ఆమె తమ్ముడే. మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఆమె సైకిలెక్కింది.

వంటగదిలో పెద్ద గిన్నె కుతకుతలాడుతోంది.

"ఏంటక్కా, వాసన పట్టుకుని వచ్చేశావా? ఇంకో పది నిమిషాలాగు."

"పొయ్యి ఆపు."

"ఏమైంది?"

"ఆపరా ముందు!"

తనే వెళ్లి మంట ఆర్పేసింది. చెత్తడబ్బాని నేలమీద బోర్లించి, దుంపల నుంచి కోసి పారేసిన ఆకు పిలకల ముందు కూర్చుంది. ఒక్కో కాడనీ కిటికీ వెలుతురుకి ఎత్తి, బొటనవేలితో రాసి చూసింది. నూగు. నూగు. దీనికీ నూగే.

బయట డ్రైవర్లు పళ్లేలు వాయిస్తున్నారు. డిపో కంట్రోలర్ లోపలికి తల పెట్టాడు. "ఏమిటమ్మా ఇది? మధ్యాహ్నం సర్వీసులు లేటైతే మీరొచ్చి సంజాయిషీ రాసిస్తారా?"

"అక్కా, ఇంతమందిలో నా పరువు తీయకు" అన్నాడు తమ్ముడు.

"ముందు నువ్వుంటే పరువు సంగతి చూద్దాం."

అరవయ్యో పిలకో, ఆపైదో. వేలు జారింది. నున్నగా ఉంది. కాడ మొదలు దగ్గర సిరా చిందినట్టు ఊదా మచ్చలు. ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని మొహం తిప్పేసుకుంది. గుట్టంతా అయ్యేసరికి అలాంటివి మూడు తేలాయి.

"ఎవరైనా తిన్నారా?"

తమ్ముడు గరిటె కింద పెట్టాడు. "ఉప్పు చూశాను. అంతకుముందు... మూట విప్పగానే ఒక దుంప పచ్చిగా నమిలి చూస్తాను కదా. తీపి తగల్లేదు. ఇంకోటి కూడా నమిలాను."

"ఎప్పుడు?"

"పదకొండింటికి." అతను బల్ల అంచు పట్టుకున్నాడు. "పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను, అందుకే కాళ్లు లాగుతున్నాయనుకున్నా."

కంట్రోలర్ ఇంకేమీ అడగలేదు. తనే పరుగెత్తి ఒక ఖాళీ బస్సు బయటికి తీయించాడు.

ఆస్పత్రికి పావుగంట దారి. "డిపోలో ఇన్నేళ్లు చేశాను, బస్సంతా నాకొక్కడికే ఇవ్వడం ఇదే మొదలు" అన్నాడు తమ్ముడు. నవ్వబోతే పెదవి ఒకవైపే కదిలింది. ఆమె ఒళ్లో ఒక డబ్బా ఉంది. అందులో ఆ మూడు పిలకలు.

డాక్టరమ్మ అడగకముందే ఆమె డబ్బా తెరిచింది. "నూగు లేదు. మచ్చలున్నాయి. ఎలుక కంపు కొడుతోంది. మీ పుస్తకాల్లో హెమ్లాక్ అంటారు."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?"

"తవ్వింది నేనే."

"దీనికి విరుగుడు మందు లేదమ్మా. విషం దిగేదాకా ఊపిరి మిషన్‌తో ఆడించాలి. మొక్క ఏదో తెలిసింది కాబట్టి ఇప్పుడే పెట్టేస్తాం."

రెండు రోజులు మిషనే ఊపిరి ఆడించింది. వరండా బెంచీ మీద గడ్డికోత పెద్దాయన రెండు రోజులూ కదల్లేదు. "నా చేతులు పడిపోను, నేనెందుకు ముట్టుకున్నానమ్మా" అని ఒకటే గొణుగుడు. ఆమె ఓదార్చలేదు. నిజం చెప్పాలంటే, అతను అలా అంటుంటే ఆమెకి ప్రాణం కాస్త తేలికపడేది.

మూడో రోజు తమ్ముడు సొంతంగా ఊపిరి తీసుకున్నాడు. గొంతు బొంగురుపోయింది. "సూపు పారబోశారా?"

"పారబోశారు."

"ఉప్పు సరిగ్గా కుదిరింది, పాపం."

ఆ మధ్యాహ్నం ఆమె కాలవగట్టుకి వెళ్లింది. ఈసారి తొడుగులు లేవు. పెద్దాయన పాతిన కర్రలు గీత గీసినట్టు వరసగా ఉన్నాయి. ప్రతి కర్ర దగ్గరా వంగి, మిగిలిన మొక్కల కాడలు నిమిరింది. అన్నీ నూగువే. అతను బారెడు జరిపినా గింజలు అంతకంటే దూరమే రాలాయి.

చివరి కర్ర వంతెన కింద, రాళ్ల సందులో ఉంది. అక్కడికి మిషన్ రాదు. దారం వెలిసిపోయింది, కానీ ముడి తనదే. పక్కనే నిరుడు పూసిన అడవి క్యారెట్ మోడు, పిట్టగూడులా ముడుచుకున్న ఎండుగొడుగుతో ఇంకా నిలబడి ఉంది. కర్రని ఎవరూ కదపలేదు. దాని చుట్టూ తను తవ్విన గుంటలు సరిగ్గా మూడు. గుంటల పక్కన మొలిచిన పిల్లమొక్కల్ని పట్టుకుంది.

నున్నగా ఉన్నాయి. అన్నీ.

కాలవ ఎక్కడి నుంచో ఆ గింజలు తెచ్చి ఇక్కడ పోసింది. ఒక్క ఆకు ముట్టుకుని ఉంటే తెలిసిపోయేది.

ఈ సంగతి చూసినవాళ్లు లేరు. కర్ర పీకి నీళ్లలో పారేస్తే అడిగేవాళ్లూ లేరు. ఆమె దారం ముడిని వేలితో తడిమింది. తర్వాత కర్ర పీకింది. ఒక నున్నటి మొక్కని వేరుతో సహా తీసి సంచిలో వేసుకుంది.

వరండాలో పెద్దాయన ఇంకా అదే బెంచీ మీద ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుని కర్రనీ, ఆ నున్నటి మొక్కనీ అతని చేతిలో పెట్టింది.

"ఇది నువ్వు పాతింది కాదు మావయ్యా" అంది. "చూడు."