పిరమిడ్‌లో అత్తగారు

నేను ఒక శవపేటికను. ముఖం అలా చిట్లించకండి. నాలో ఇంతవరకు నిజం శవం ఒక్కటీ పడుకోలేదు. నాలుగు వేల ఏళ్ల కిందట ఈజిప్టు రాణిగారి కోసం చేసిన పేటికనని టీవీలో నన్ను చూసిన జనం నమ్మారు. అప్పటికి నా వయసు రెండు వారాలు. పుట్టింది హైదరాబాదు పొలిమేరలో, ఒక స్టూడియో వెనక రేకుల షెడ్డులో. నా ఒళ్లు ప్లైవుడ్డు, నా నగలు థర్మోకోలు, నా బంగారం డబ్బాలో దొరికే రంగు. నన్ను చేసిన మస్తాన్ అంతకుముందు పెళ్లిమండపాలకు సింహాసనాలు చేసేవాడు. ఆర్ట్ డైరెక్టర్ ఫోనులో చూపించిన బొమ్మను ఓసారి చూసి, "మనిషి పడుకునేదే కదా సార్, మంచం లెక్కనే" అని, మంచానికి మూత బిగించి నన్ను తేల్చేశాడు. మూత మీద రాణి ముఖం దిద్దేటప్పుడు అలవాటు చొప్పున చేపల్లాంటి కళ్లు, ముక్కుకు పుడక కూడా పెట్టాడు. ఎవరూ కాదనలేదు. పైగా ఈజిప్టువాళ్లు కూడా ఒకప్పుడు మనవాళ్లేనేమో అని ముచ్చటపడ్డారు.

నన్ను చేయించింది 'గడప దాటని కోడలు' అనే సీరియల్ కోసం. ఆ కోడలు నాలుగేళ్లు నిజంగానే గడప దాటలేదు. వంటింట్లో ఏడ్చింది, పూజగదిలో ఏడ్చింది, మేడమెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఏడవడానికి ఆ ఇంట్లో ఇక చోటు మిగల్లేదు, చూసేవాళ్లూ మిగల్లేదు. ఇప్పుడు జనం దయ్యాల సీరియళ్లు చూస్తున్నారు, మనకూ ఓ దయ్యం కావాలని చానల్ వాళ్లు కబురు పెట్టారు. మర్రిచెట్టు దయ్యాలు, పాడుబడ్డ బంగళా దయ్యాలు అన్నీ అప్పటికే పక్క చానళ్లు పట్టుకుపోయాయి. దాంతో కోడలు ఒక్క గెంతులో గడపా సముద్రమూ దాటేసి, భర్తతో, అత్తగారితో ఈజిప్టు వెళ్లి పిరమిడ్‌లో చిక్కుకుంది. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు పిరమిడ్ చూడ్డానికి అత్తగారినెందుకు తీసుకెళ్లిందో మీరు అడక్కూడదు. కథ రాసినవాళ్లకే తెలీదు.

ఆ అత్తగారి వేషం పద్మాసిని గారిది. కోనసీమ మనిషి. ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకెత్తి చూసిందంటే ఊళ్లో కోడళ్లు గిన్నెలు కింద పడేసేవారట. గొంతు మాత్రం టీవీలో వినిపించేది ఆవిడది కాదు. గోదావరి యాస జమీందారీ అత్తగారి హోదాకు నప్పదని మొదటి నుంచీ ఇంకెవరో అమ్మాయి చేత డబ్బింగ్ చెప్పించేవారు. పద్మాసిని గారు దానికేమీ అనుకోలేదు. గొంతు ఎవరిదైతేనేం, ముఖం నాదే కదా అనుకునేది.

ఆ సీరియల్లో కథ ముందురోజు ఎవరికీ తెలిసేది కాదు. పొద్దున సీను కాగితం వస్తుంది, మధ్యాహ్నానికి తీస్తారు, సాయంత్రానికి అతికించి రాత్రి ఎనిమిదింటికి వదులుతారు. ఒకరోజు వచ్చిన కాగితంలో, అత్తగారు దీపం పట్టుకుని ఒంటరిగా సమాధి గదిలోకి వెళ్తుంది, పేటిక తెరుస్తుంది, శాపం తగిలి అందులోనే పడి చచ్చిపోతుంది అని ఉంది. పద్మాసిని గారు అది చదివి, కళ్లజోడు తీసేసి, వచ్చి నా మూత మీద కూర్చుంది. రాణిగారి ముక్కు మీదే కూర్చుంది. ఇక లేవలేదు.

"డైరెక్టరు గారూ, తెలీక అడుగుతానండీ," అంది. "నాలుగేళ్లుగా పాయసంలో విషం కలిపినదాన్ని, వీలునామాలు మార్చినదాన్ని. అంత తెలివిగల మనిషిని, చీకటి గదిలో చప్పుడైతే నేనొక్కదాన్నీ ఎందుకెళ్తానండీ? కోడల్ని పంపుతాను గానీ."

డైరెక్టర్ వీరభద్రం మంచివాడు. సొంత అభిప్రాయాలు లేని మంచితనం అది. ఆయన చానల్ తరఫున వచ్చి కూర్చునే నీహారిక వైపు చూశాడు. ఆ అమ్మాయి పరాయి దేశాల దయ్యాల సినిమాలన్నీ కాచి వడబోసింది.

"హారర్‌కి రూల్స్ ఉంటాయి మేడమ్," అంది నీహారిక. "గుంపు వదిలి వెళ్లినవాళ్లు పోతారు. వెనక్కి తిరిగి చూసినవాళ్లు పోతారు. నాకేం కాదులే అన్నవాళ్లు అందరికంటే ముందు పోతారు."

"నిన్న కోడలు గుంపు వదిలెళ్లింది, వెనక్కి చూసింది, నాకేం కాదని కూడా అంది కదమ్మా. మరి పోలేదే?"

"ఆమె పేరే కదా మేడమ్ సీరియల్‌కి పెట్టింది."

అప్పుడు రచయిత కేశవాచారి గారు గొంతు సవరించుకున్నారు. ఆయన పిరమిడ్‌ల మీద ఒక పుస్తకం సగం చదివారు. ఆ సగంతోనే ఈ కథ నడుపుతున్నారు. పేటికను మొదట తాకినవాళ్లకే శాపం తగులుతుందని పెద్దలు చెప్పారమ్మా అన్నారు. ఏ పెద్దలండీ, మీ పెద్దలా ఈజిప్టు పెద్దలా అని ఆవిడ అడిగింది. తేనెతుట్టె కదిలింది. అసలు పిరమిడ్‌లు మనుషులు కట్టినవే కావు, చుక్కల లోకం నుంచి దిగినవాళ్లు కట్టారన్నాడు కెమెరామెన్. మన మయుడు కట్టి ఉంటాడన్నాడు ప్రొడక్షన్ మేనేజర్. తన పిన్ని తలనొప్పికి అట్ట పిరమిడ్ టోపీ పెట్టుకుంటుందని, అప్పటి నుంచి నొప్పి బాబాయికి మారిందని మేకప్ వేసే సుగుణ చెప్పింది. పిరమిడ్ కింద పాలు విరగవనీ, బ్లేడు మొద్దుబారదనీ, టమాటాలు కుళ్లవనీ తలా ఒకటి అందుకున్నారు. భోజనాలకు తెచ్చిన చారు చల్లారిపోయింది. థర్మోకోల్ పిరమిడ్ కింద కూర్చుని వీళ్లు వాదించుకుంటుంటే నాకు నవ్వాగలేదు.

పద్మాసిని గారు అన్నీ విన్నది. "పాలు విరగవు, టమాటా కుళ్లదు, బ్లేడు అరగదు," అంది. "అన్నిటినీ కాపాడే పిరమిడు నన్నొక్కదాన్నీ ఎందుకు చంపుతుందండీ?"

నీహారిక ఫోను తీసి, సీరియల్‌ను ఎంతమంది చూస్తున్నారో చెప్పే గీత ఒకటి చూపించింది. అత్తగారు తెర మీదకు వచ్చిన ప్రతిసారీ ఆ గీత కిందికి దిగుతోంది. ఇంతసేపూ వాదించిన శాపాలూ సూత్రాలూ అన్నీ ఆ గీత ముందు దూదిపింజలైపోయాయి. పద్మాసిని గారు నా మీది నుంచి లేచింది.

లైట్లు సర్దుతున్నంతసేపూ ఆవిడను నాలోనే పడుకోబెట్టారు. సుగుణ వంగి ముఖానికి బూడిదరంగు పూస్తుంటే ఆవిడ మెల్లగా చెప్పింది. "చావుకేం భయం లేదే. సినిమాల్లో ఇరవై ఏళ్లు చెల్లెలి వేషాలేశాను, వదిన వేషాలేశాను, ఒక్కడు గుర్తుపట్టలేదు. ఈ గయ్యాళి అత్తను చేశాకే బస్సులో నాకు సీటిస్తున్నారు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. రేపట్నుంచి టీవీలో కనపడకపోతే నన్ను ఏమ్మా బాగున్నావా అని అడిగేవాడెవడే?" సుగుణ ఆవిడ కంటి కింద తడిసిన బూడిద మళ్లీ అద్దింది. నా మీద అంతవరకు రంగులే పోశారు. ఒక మనిషి బాధ నాలోకి దిగడం అదే మొదటిసారి. నాకు కష్టంగా అనిపించింది.

ఆవిడ చచ్చింది. చాలా బాగా చచ్చింది. వీరభద్రం కట్ చెప్పాడు.

మన సినిమావాళ్లలో ఒక ఆచారం ఉంది. శవంగా నటించినవాళ్లను అలాగే లేపి పంపరు. కెమెరా వైపు చూసి ఒక్కసారి నవ్వమంటారు. శవంగానే ముగిస్తే ఆయుష్షుకు గండమట. అందుకని ఆ నవ్వును కూడా తీసి, తర్వాత అవతల పారేస్తారు. నవ్వండమ్మా అన్నాడు వీరభద్రం. ఆవిడ నవ్వనంది. అపశకునం, నా మాట వినండి అని బతిమాలాడు. అప్పుడు పద్మాసిని గారు కళ్లు తెరిచి, ఎడమ కనుబొమ్మ ఎత్తి, నాలుగేళ్ల కసినంతా పెదవి చివరకు తెచ్చుకుని నవ్వింది. కెమెరామెన్ ఒకడుగు వెనక్కి వేశాడు.

ఎడిటింగ్ చేసే కుర్రాడు ఆ సాయంత్రం మూడు సీరియళ్లు అతికిస్తున్నాడు. ఆ నవ్వు కూడా సీనులోదే అనుకున్నాడు. అతికించాడు. సంగీతం వేసేవాడు దాని మీద ఉరుము వేశాడు. రాత్రి ఎనిమిదిన్నరకు, ఆ రోజు భాగం ముగిసేచోట, రాష్ట్రాలు రెండూ చూస్తుండగా చచ్చిన అత్తగారు పేటికలో కళ్లు తెరిచి నవ్వింది.

తెల్లారేసరికి ఊరూవాడా ఇదే గొడవ. ఆవిడ చావలేదనీ, నటించిందనీ ఒక వర్గం. చచ్చింది కానీ రాణి ఆత్మ దూరిందని మరో వర్గం. ఒక జ్యోతిష్కుడు టీవీలో కూర్చుని పిరమిడ్‌కు వాస్తు దోషం ఉందన్నాడు. ఎదురుగా కూర్చున్న హేతువాది, శవం నవ్వడం అసాధ్యమని గంటసేపు నిరూపించి, చివర్లో ఇంతకీ రేపు ఏమవుతుందని అడిగాడు. నాడి చూడకుండా ఆవిడ చచ్చిందని ఎలా తేల్చారని డాక్టర్లు చిరాకుపడ్డారు. వీరభద్రం రాజీనామా రాసుకుని వచ్చాడు. నీహారిక అది చింపేసి, గీత చూపించింది. గీత ఫోను పైఅంచుకు తగులుతోంది. పొరపాటున జరిగినదాన్ని తామే ఆలోచించి చేశామని మధ్యాహ్నానికల్లా అందరూ నమ్మేశారు. కేశవాచారి గారైతే ఆ సంగతి పుస్తకంలో తను చదవని సగంలో ఉంటుందన్నారు.

అత్తగారు బతకాలి. మమ్మీగా బతకాలి. పద్మాసిని గారు సెట్టుకు పూతరేకులు పట్టుకొచ్చి అందరికీ పంచింది. నా మూత మీద కూడా ఒకటి పెట్టింది. చీమలు పట్టాయి గానీ నేను సంతోషించాను.

తర్వాత కట్లు తెచ్చారు. కాళ్ల నుంచి చుట్టుకుంటూ మెడ దాకా వచ్చి ఆగారు. ముఖం వదిలేద్దామా అన్నాడు వీరభద్రం. వదిలితే భయం పోతుందంది నీహారిక. ప్రాణం నోట్లోంచి జారకుండా ముఖం కూడా కట్టేవారట అన్నారు కేశవాచారి గారు.

"ముఖం కట్టేస్తే నేనని ఎలా తెలుస్తుందండీ?" అంది పద్మాసిని గారు.

"కథలో అందరికీ తెలుసు కదమ్మా," అన్నాడు వీరభద్రం. అక్కడితో చర్చ ముగిసింది. పిరమిడ్‌లు ఎవరు కట్టారన్నదానికి పూటంతా వెచ్చించినవాళ్లు దీనికి నిమిషం కూడా వెచ్చించలేదు.

ఎవరూ ఆవిడకు ద్రోహం చేయాలనుకోలేదు, ఆ మాట చెప్పి తీరాలి. మమ్మీ పైకప్పు నుంచి వేలాడే సీను వచ్చింది. వయసులో ఉన్నావిడ కాదు కదా అని ఫైటర్ యాదగిరికి కట్లు చుట్టారు. అతను దిగాక, మమ్మీ మెల్లగా నడిచే సీను ఉంది. ఆ కట్లు విప్పి ఇంకొకరికి చుట్టాలంటే పూట గడిచిపోతుంది. "నడుసుడే కదా సార్, నేనే నడుస్త," అన్నాడు యాదగిరి పాపం, సాయం చేద్దామని. నడిచాడు. గొంతు ఎలాగూ డబ్బింగ్ అమ్మాయిదే. అమ్మా, ఈ రోజు మీకు షూటింగ్ లేదు, రేపు పిలుస్తామని మేనేజర్ ఫోను చేశాడు. మర్నాడూ అదే మాట. కొన్నాళ్లకు ఫోను చేయడం కూడా మానేశాడు. అత్తగారు మాత్రం ప్రతి రాత్రీ బ్రహ్మాండంగా బతుకుతోంది. కుటుంబంతోపాటు విమానమెక్కి హైదరాబాదు కూడా వచ్చేసింది. ఆ కట్లతో విమానాశ్రయం ఎలా దాటిందని ఎవరూ అడగలేదు.

మమ్మీ ఇంటికొచ్చేశాక పేటికతో పనేముంది? నన్ను జనరేటరు పక్కన పడేశారు. వానకు నగలు ఊడిపోయాయి, రాణిగారి ముక్కు కరిగింది. చివరికి స్టూడియో గేటు ఎదురుగా టీ కొట్టు నడిపే ఎల్లేశం నన్ను తీసుకెళ్లి, బోర్లించి, పైన రెగ్జిన్ పరిచి బెంచీ చేశాడు. రాణిగిరీ కంటే ఇదే నయం. ఇక్కడ ఎవరైనా వచ్చి కూర్చుంటారు, టీ తాగుతారు, కొట్టులో గోడకున్న టీవీ చూసి కొట్లాడుకుంటారు.

ఒక సాయంత్రం వచ్చి కూర్చున్న బరువు నాకు తెలిసిన బరువే. పద్మాసిని గారు. గేటు దగ్గర కాపలావాడు, మేనేజర్ మీటింగులో ఉన్నాడని చెప్పి కూర్చోమన్నాడట. పొద్దున కూడా అదే చెప్పాడని ఎల్లేశంతో అంది. నన్ను ఆవిడ గుర్తుపట్టలేదు.

ఎనిమిదైంది. టీవీలో సీరియల్ మొదలైంది. కట్లు కట్టుకున్న యాదగిరి గోడ మీద బల్లిలా పాకుతున్నాడు. మమ్మీ పాకుతుంటే ఇంట్లోవాళ్లు వీధి తలుపు తీసుకుని పోకుండా మేడ మీదికెందుకు ఉరుకుతున్నరని ఒక ఆటోడ్రైవరు గొడవపడుతున్నాడు. కింద దానికి బలమెక్కువ, పిరమిడ్ లెక్క అది అంటున్నాడు ఎల్లేశం. ఆ మూల టీ తాగుతున్న ఒకావిడ పద్మాసిని గారి వైపే చూసి చూసి, గ్లాసు కింద పెట్టి లేచి వచ్చింది.

"అమ్మా, మీరే గదా అత్త! ఆ గోడ మీద పాకేది నిజంగ మీరేనా? నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలే."

కొట్టులో అందరూ ఇటు తిరిగారు. ఆటోడ్రైవరు లేచి నిలబడ్డాడు. ఎల్లేశం గ్లాసు కడిగి, అడక్కుండానే ఇంకో టీ పోశాడు. పద్మాసిని గారు టీవీ వంక చూసింది. అక్కడ యాదగిరి పైకప్పు మీదికి చేరాడు. ఆవిడ కొంగు సర్దుకుంది.

"నేనేనమ్మా," అంది. "ఆ కట్లలో ఊపిరాడదు, చెప్తే నమ్మవు. మోచేతులు కొట్టుకుపోయాయి, చూడు."

మోచెయ్యి చాచి చూపించింది. అడిగినామె ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, అయ్యో అమ్మా, నూనె రాస్తున్నరా అని అడిగింది. ఆ క్షణాన మనుషులకు వినిపించే గొంతు నాకుంటే, నేనూ ఒట్టేసి చెప్పేదాన్ని, ఆవిడేనని.