ఆయన సరిచేసిన చెట్టు

ముప్పై ఏళ్ళు ఆస్పత్రి డ్రెస్సింగు గదిలో గాయాలకు కట్లు కట్టి రిటైరైన ఆ నర్సమ్మకు, తనదంటూ చెప్పుకోవడానికి ఒక్క చెట్టే ఉండేది. ఇంటికీ ప్రహరీకీ మధ్య, చేతులు చాచితే రెండు గోడలూ తగిలేంత సందు. అందులో పట్టే చెట్టేదని అడిగితే నర్సరీ ఆయన మోకాలెత్తు మొక్కొకటి తెచ్చి చేతిలో పెట్టాడు. దేవదారు జాతిదట. ఆకులు సూదుల్లా ఉంటాయి, ఏడాది పొడుగునా పచ్చదనం పోదు, కొమ్మలు పక్కలకు పాకకుండా కాండాన్ని అంటిపెట్టుకుని కిందికి వేలాడతాయి.

“దీని తల దానంతటది నిలబడదమ్మా, కర్ర పాతి కడుతూ ఉండాలి. ఇంకోమాట, కత్తెర పెడితే కొమ్మ చివర పచ్చగా ఉన్నంతవరకే పెట్టండి. లోపలి ఎండు భాగం దాకా కోశారంటే ఇక జన్మలో చిగురు రాదు,” అని మరీమరీ చెప్పాడు.

ఆమె భర్త సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. వంకరంటే ఆయనకు ఒళ్ళుమంట. గుమ్మం ముందు చెప్పులు కూడా గీత గీసినట్టుండాలి. మొక్కను చూడగానే మొహం చిట్లించాడు.

“ఏంటిది, ఎవరో పోయినట్టు తల వేలాడేసుకుని! ఇంతకన్నా ఏడుపుగొట్టుది దొరకలేదా నీకు?”

ఆమె నీళ్ళు నిలవకుండా గుంటలో ఇసుక కలిపి నాటింది. పాత బ్యాండేజీ గుడ్డ చీలికలతో తలను కర్రకు కట్టింది. ఏటా కట్టు విప్పి, కాండం ఒత్తుకుపోయిందేమో తడిమి చూసి, కాస్త పైన మళ్ళీ కట్టేది. మూడో ఏట గాలివానకు తల సగం విరిగితే, చెయ్యి విరిగిన పిల్లకు కట్టినట్టు చెక్కముక్క వేసి బిగించింది. “ఆస్పత్రిలో పేషెంట్లు చాల్లేదు కాబోలు,” అని నవ్వాడాయన. రెండు నెలలకు ఆ విరుపు అతుక్కుంది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ఎనిమిదో ఏటికి చెట్టు ఇంటిచూరు దాటింది. తలంటుకుని జుట్టు విరబోసుకున్న మనిషిలా, సన్నగా, పొడుగ్గా, కొమ్మలన్నీ నేలదాకా జారవిడిచి నిలబడింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. అప్పట్నుంచి ఆయన మాట మెల్లగా మారింది. ముందు “మా ఆవిడ చెట్టు” అనేవాడు. తర్వాత “మా చెట్టు” అయింది. పదకొండో ఏటికి “నా చెట్టు” అయి కూర్చుంది.

“ఎలా పెంచారండీ ఇంత చక్కగా?” అని ఎదురింటి హెడ్మిస్ట్రెస్ గారు అడిగితే, “ఓపికుండాలండీ. పదకొండేళ్ళ కష్టం!” అన్నాడు. టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు ఆయన కళ్ళు తిరగనే లేదు.

ఆ ఏడు కాలనీవాళ్ళు ఇంటింటికీ వచ్చి తోటలు చూసి, మంచిదాన్ని ఎంచుతామన్నారు. ఆయన ఫారం నింపాడు. ‘పెంచినవారు’ అన్నచోట తన పేరొక్కటే రాసుకున్నాడు. బల్ల మీద కాగితం ఆమె కంటపడింది.

“నా పేరు కూడా రాయాల్సింది కదండీ.”

“ఇంటాయన పేరు రాస్తారు ఎక్కడైనా. నీళ్ళు పోసినవాళ్ళందరి పేర్లూ రాస్తారా?”

మర్నాడే చూడ్డానికి వస్తారనగా, పొద్దున్నే ఆయన నిచ్చెనా, పెద్ద కత్తెరా, ఒక పొడుగాటి తాడూ పట్టుకుని సందులోకి దిగాడు.

“కొమ్మలన్నీ ఎగుడుదిగుడుగా ఏడుస్తున్నాయి. తాడు కట్టి సమంగా కోసి పారేస్తా. అప్పుడు చూడు దీని అందం!”

వంటింటి కిటికీ దగ్గర కూరలు తరుగుతున్న ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. నర్సరీ ఆయన చెప్పిన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“ఏమండీ...”

“ఏంటి?” కత్తెర తెరిచి పట్టుకుని కిందికి చూశాడు.

“నిచ్చెన జారుతుంది, జాగ్రత్త,” అంది.

తలుపు దగ్గరగా వేసి ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. కత్తెర చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది. రేపు నలుగురూ వస్తారు, ఆయన పనితనం ఏపాటిదో వాళ్ళే చూస్తారు, ఒక్కసారి చూడనీ అనుకుంది. గంట తర్వాత వెళ్ళి చూసేసరికి సందంతా పచ్చ కొమ్మల గుట్ట. జిగురు వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది. తలమీద కాస్త పచ్చదనం తప్ప, చెట్టంతా ఎండుపుల్లలు బయటపడి, పక్కటెముకలు తేలిన రోగిలా ఉంది. ఆమె అరుగు మీద కూలబడింది. తనొక్క మాట చెప్పి ఉంటే ఇది ఆగేది.

మర్నాడు ఆరుగురు వచ్చారు.

“అయ్యో, చెట్టుకేమైందండీ?” అంది హెడ్మిస్ట్రెస్ గారు.

ఆయన తడుముకోలేదు. “మా ఆవిడ నీళ్ళు ఎక్కువ పోసేసిందండీ. చెప్తే వినే మనిషా? లోపలంతా ఎండిపోతుంటే నేనే కోయాల్సొచ్చింది.”

అందరూ ఆమెకేసి జాలిగా చూశారు. “పోన్లెండి సార్, మీ చేతిచలవతో మళ్ళీ చిగురిస్తుంది,” అని ఆయన్ని ఓదార్చి వెళ్ళారు.

గేటు మూసి వచ్చిన భర్తకు ఎదురుగా వెళ్ళి నిలబడిందామె.

“అదిక చిగురించదు. ఎండు దాకా కోస్తే రాదని నాకు నాటిన్నాడే తెలుసు. నిన్న మీరు నిచ్చెనెక్కినప్పుడూ తెలుసు.”

ఆయన కళ్ళజోడు తీశాడు. “తెలిసి చెప్పలేదా?”

“చెప్పలేదు.”

“మరింకేం, చంపింది నువ్వే,” అని పేపరు తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్న జవాబులు ఆమెకు బోలెడున్నాయి. కానీ ఆయనన్నది పూర్తిగా అబద్ధం కాదు.

వానలు వెళ్ళేదాకా ఎదురుచూసింది. ఒక్క చిగురూ రాలేదు. పైనున్న ఆ కాస్త పచ్చదనమూ ఎండిపోయింది. చివరికి చెట్లు కొట్టేవాణ్ణి పిలిపించారు. వాడు రంపం ఆనించబోయి, మొండి కొమ్మలు చూసి ఆగాడు.

“బంగారం లాంటి చెట్టు. ఎవరమ్మా దీన్నిలా కోసింది?”

ఆయన పేపరు మీంచి తలెత్తి భార్యకేసి చూశాడు.

“ఇద్దరం,” అందామె.

ఇప్పుడా సందులో సిమెంటు గచ్చు ఉంది. ఆయన దగ్గరుండి, మట్టం చూసి మరీ పోయించాడు. ఆ వైపు కిటికీ ఆమె తెరవదు. ఎందుకు తెరవవని ఆయనా అడగడు.