చిటికెన వేలి తర్జుమా

ఇంగ్లీషు కాగితం వచ్చిందంటే చాలు, సూపర్‌వైజరు గారికి కళ్ళు మండుతాయి. దాన్ని టైపిస్టు బల్ల మీద పడేసి, "నువ్వే చదివి చెప్పమ్మా" అంటాడు. ఆ దారం మిల్లులో ఈ జబ్బు సంగతి తెలియనివాళ్ళు లేరు.

ఆ రోజు వచ్చింది హెడ్డాఫీసు తనిఖీ అధికారి రాసిన నాలుగు పంక్తుల ఉత్తరం. టైపిస్టు గొణుక్కుంటూ చదివి గతుక్కుమంది. స్టోర్‌కీపరు సూపర్‌వైజర్ని తన చిటికెన వేలికి చుట్టేసుకున్నాడట! మనం బుట్టలో వేసుకున్నాడంటాం, ఇంగ్లీషువాళ్ళు వేలికి చుట్టుకున్నాడంటారు. పడ్డవాడికి తెలియకపోవడం మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే.

అందులో అబద్ధమేమీ లేదు. దారం చుట్టే ఆడవాళ్ళు వేళ్ళకి తొడుగులు కావాలని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నారు. తెప్పించడానికి బద్ధకించి స్టోర్‌కీపరు మూడుసార్లూ, "మీ హయాంలో ప్రమాదాలేంటి సార్!" అన్నాడు. సూపర్‌వైజరు పొంగిపోయి అర్జీ పక్కన పెట్టాడు. పోయిన వారం దారం బిగుసుకుని, ఆ ఆడవాళ్ళలోనే ఒకతైన టైపిస్టు వాళ్ళ అక్కకి చిటికెన వేలి గోరు ఊడింది. ఈసారి వేలే పోవచ్చు. ఆ కోపం టైపిస్టుకి ఇంకా తగ్గలేదు.

"లిటిల్ ఫింగర్ అన్నావు, చిటికెన వేలే కదూ? ఆమాత్రం నాకూ తెలుసు. ఏమైందట దానికి?" అన్నాడు సూపర్‌వైజరు.

ఉన్నదున్నట్టు చెబితే కాసేపు చిందులు తొక్కుతాడు. స్టోర్‌కీపరు వచ్చి రెండు తియ్యటి ముక్కలు చెబితే చల్లబడతాడు. తొడుగులు మాత్రం రావు.

"చుట్టుకుపోతోందట సార్. స్టోర్‌కీపరు వల్లేనట."

"దారమా?"

"ఇక్కడ ఇంకేం చుట్టుకుంటుంది సార్?"

ఆమె అబద్ధం చెప్పలేదు. అడిగింది, అంతే.

సూపర్‌వైజరు ముఖం పాలిపోయింది. స్టోర్‌కీపర్ని పిలిపించి దులిపేశాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా ప్రతి యంత్రం దగ్గరా తొడుగులున్నాయి. అక్క తొడుగు పెట్టుకుని నవ్వితే టైపిస్టుకి కళ్ళు చెమర్చాయి.

సాయంత్రం సూపర్‌వైజరు ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"నువ్వు చెప్పినట్టే చేశానమ్మా. ఇంకేమైనా చెయ్యాలా? నువ్వెలా అంటే అలా."

స్టోర్‌కీపరు చేసిన పనే తనూ చేసిందని టైపిస్టుకి అప్పుడు తట్టింది. సిగ్గేసింది. ఆ సిగ్గు రెండు క్షణాలు నిలిచింది. అక్కావాళ్ళు పనిచేసే గదికి ఒక్క కిటికీ కూడా లేదన్న సంగతి మూడో క్షణంలో గుర్తొచ్చింది.

ఉత్తరం వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న ఆ వైపు శ్రద్ధగా చూస్తూ, "కిటికీల గురించి కూడా రాశారు సార్" అంది.