వైరస్ ఎక్కించని ఎలుక

పోలియో జాతి వైరస్ ఎక్కించిన ఎలుకల కండరాలు ఎంత నీరసించాయో చూడటం ల్యాబ్‌లో నా పని. వాటిని ఇనుప జాలీకి తలకిందులుగా వేలాడదీస్తాను. పడితే దెబ్బ తగలకుండా కింద దూది పరుస్తాను.

ఈరోజు జబ్బు ఎలుక కాళ్లు వణుకుతున్నా జాలీని వదల్లేదు. పోల్చి చూడటానికని వైరస్ ఎక్కించని ఎలుక, దుక్కలా ఉన్నది, వేలాడదీసిన ప్రతిసారీ దబ్బున పడి దూదిలో ముడుచుకుంది.

"దీనికీ అంటుకున్నట్టుందమ్మా," అన్నారు మా ప్రొఫెసర్ దిగులుగా.

ఒళ్లు మండి దూది తీసేశాను. దిక్కుమాలినది, గబ్బిలంలా వేలాడింది.

ఇంటికెళ్తే మా ఆయన సోఫాలో వాలి ఉన్నారు. "చేతులు పడిపోతున్నాయే. ఆ నీళ్ల క్యాన్ కాస్త నువ్వే ఎత్తిపెట్టు," అన్నారు.

ఆయన కిందున్న సోఫా పరుపు లాగేశాను.