తిమింగలం వెనక బాయి

తొర్రూరు సంపత్ పేరు వింటేనే బాల్‌సింగ్‌కు నోట్లో ఉమ్మి ఊరుతుంది. ఎదురుగా నిలబడితే మాత్రం దాన్ని మింగుతాడు. తన భూమిలోనే తనకు ఖాకీ చొక్కా తొడిగి, తన గెట్టు మీదనే తనను కాపలా పెట్టినవాడి మొహాన ఉమ్మే ధైర్యం, అయిదో తరగతిలో బడి మానేసిన మనిషికి అంత తొందరగా రాదు.

నర్సింహులపేట పోయే రోడ్డు వారన ఉన్న చెలకను కౌలుకు అడిగేటప్పుడు సంపత్ నోట ‘అన్నా’ తప్ప వేరే మాట లేదు. తండాకు కారులో వచ్చాడు, పెళ్లాం చంద్రి పెట్టిన చాయ తాగాడు, బిడ్డ దీప చదువు గురించి అడిగాడు. సంతకం పడ్డ మర్నాటి నుంచి అన్న కాస్తా ‘ఓ బాల్‌సింగ్’ అయ్యాడు. పోతే పోయింది, వెనక నల్లరేగడి ముక్క, అందులో తాత తవ్విన బాయి ఉన్నాయి కదా అనుకున్నాడు బాల్‌సింగ్. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ముక్క మీదనే. దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వనని చంద్రికి మాట ఇచ్చాడు.

అట్లా వెలిసింది ‘సాగరలోకం’. గేటు అంటే గేటు కాదు, తిమింగలం నోరు. టికెట్టు కొన్నవాళ్లు దాని నాలుక మీద నడిచి కడుపులోకి పోవాలి. లోపల గాజు సొరంగం, నెత్తి మీద ఈదే చేపలు, అలల కొలను, రబ్బరు తోక తొడుక్కున్న జలకన్య. జనగామ నుంచీ భూపాలపల్లి నుంచీ బడి పిల్లలను బస్సుల్లో తెచ్చి దింపుతారు. వాళ్లకు మైకులో పార్కు చరిత్ర చెప్పడం బాల్‌సింగ్ పని. సంపత్ తాత ఒకనాడు బందరులో సముద్రం చూసి, మా ఊరి పిల్లలు దీన్ని ఎప్పుడు చూస్తారో అని కంటతడి పెట్టాడట. మనవడు ఆ కోరిక తీర్చాడట. ఆ తాత అడ్తి దుకాణంలో రైతుల వడ్లకు తరుగు తీసి బతికాడే తప్ప ఖమ్మం దాటిన పాపాన పోలేదు. తిమింగలం చరిత్ర కూడా బాల్‌సింగ్‌కు తెలుసు. జఫర్‌గఢ్ దిక్కు నడవక మూతపడ్డ ఫంక్షన్‌హాలు ఇనుప గుమ్మటానికి సిమెంటు పూసి, పళ్లు పెట్టారు.

దాని దవడ వెనకే మగవాళ్లు ఉచ్చ పోస్తారు. అలల కొలనులో సాయంత్రానికి నీళ్లు కల్లులా తెల్లబడతాయి. మీద గుట్కా కవర్లు, తలనూనె, ఎవరిదో పట్టీ. జలకన్య వేషం వేసే మానుకోట సరోజకు ఆ తోకలో కాళ్లు ఒరిసి పుండ్లు పడ్డాయి. పొద్దున్నే బాల్‌సింగ్ చచ్చి తేలిన చేపలను వలతో తీస్తే, బాగున్నవి ఏరి క్యాంటీన్‌కు పంపమనేవాడు సంపత్. మధ్యాహ్నం జనం వాటినే నిమ్మకాయ పిండుకుని తినేవారు. బాల్‌సింగ్ ఇంట్లో చేపల కూర ఆగిపోయింది.

మొదటి ఏడు సొరంగంలో ఉన్నవి మంచినీటి చేపలే. తొట్లు కడిగిన నీళ్లు ఊరికే రోడ్డు పక్క గుంతలోకి పోతుంటే బాల్‌సింగ్ ప్రాణం ఒప్పలేదు. పారతో కాలువ తీసి, బాయి చుట్టూ ఉన్న తన చేనులోకి మళ్లించాడు. చెరువు మట్టి తోలుకుని బతికే ఊళ్లలో చేపల నీటి బలం తెలియనిదెవరికి? ఆ ఏడు మిర్ప చెట్టు నడుమెత్తు లేచింది. తర్వాత సముద్రపు చేపలు దిగాయి. వాటి వెంట సంచులు దిగాయి. సంచి మీద చేప బొమ్మ, ఇంగ్లీషు అక్షరాలు. బాల్‌సింగ్ వాటిని భుజాన మోసి మిషన్ గదిలో పేర్చేవాడు, విప్పి తొట్లలో కలిపేది హైదరాబాద్ ఆపరేటర్. కోళ్ల దాణా సంచి మీద కోడి ఉంటుంది, బర్రె దాణా సంచి మీద బర్రె ఉంటుంది. దీని మీద చేప ఉంది. దాణానే అనుకున్నాడు.

కాలువ అట్లాగే పారింది. మిర్ప ఆకులు అంచులు మాడితే తెగులని మందు కొట్టాడు. బాయి నీళ్లు పోసిన తొట్టిలో బర్రె మూతి పెట్టి వెనక్కి తీసుకుంటే ఎండ దెబ్బ అనుకున్నాడు. ఇంట్లో తాగేవి నల్లా నీళ్లు, బాయి నీళ్లు నోట పోసుకున్నవాళ్లు లేరు.

శ్రావణంలో తండాకు తీజ్ పండుగ వచ్చింది. పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమట్టి, ఎరువు నింపి, గోధుమలు చల్లి, పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. మొలక ఒత్తుగా పచ్చగా లేస్తే తండాకు మంచిది. ఆ నీళ్లు బాయివే కావాలి. ఆ తండాలో నీళ్లున్న బాయి బాల్‌సింగ్‌ది ఒక్కటే.

ఈసారి గోధుమలు మొలవలేదు. ఎక్కడో నాలుగు లేచినా పాలిపోయి, కొనలు మాడి, బుట్ట అంచు మీదికి ఒరిగాయి. ఆడవాళ్లు గుసగుసలాడారు. పిల్లల్లో ఎవరో మైల కలిపారన్నారు. ఎవరన్నది వాళ్లలోని తుల్సీబాయి చెప్పింది.

“రోజూ తొర్రూరు బస్సెక్కి కాలేజీకి పోయే పిల్ల కద ముందుగాల బిందె ముంచింది. గాడ ఎవలతోటి తిరుగుతదో ఎవలు చూసిండ్రు?”

చంద్రి చీర కొంగు దోపుకుని తుల్సీబాయి మీదికి పోయింది. బాల్‌సింగ్ పోలేదు. ఒక్క క్షణం బిడ్డ దిక్కు అనుమానంగా చూశాడు. దీప అది చూసింది. తండా పెద్ద మోతీబాయి మాత్రం బుట్ట ముందు కూలబడి, మట్టి మీద తెల్లగా పేరుకున్న పొరను గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంది. తుపుక్కున ఉమ్మింది.

“పిల్లది కాదే తప్పు. బాయిది. ఉప్పు.”

దీప పార్కులో అడుగుపెట్టింది ఆ రోజే. మిషన్ గది ముందు ఖాళీ సంచిని సాఫు చేసి చదివింది. “బాపూ, గిది దాణా కాదు. సముద్రపు ఉప్పు అని రాసిండ్రు,” అని మాత్రం చెప్పి, తండ్రి మొహం చూడకుండా వెళ్లిపోయింది.

సంపత్ టికెట్టు గదిలో కూర్చుని పళ్లలో ముల్లు తీసుకుంటున్నాడు. బాల్‌సింగ్ పోయి చెప్పిందంతా విన్నాడు.

“కాల్వ ఎవలు తవ్విండ్రు?”

“నేనే, సేటూ.”

“మరి నీ చేన్లకు నీళ్లు పెట్టుకొమ్మని నేను చెప్పిన్నా?”

“సంచి మీద చేప బొమ్మ ఉండె. దాణా అనుకున్న.”

సంపత్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆపరేటర్‌ను పిలిచి, “నువ్వు గుడ ఇనాలె. ఓ బాల్‌సింగ్, గా బొమ్మ ముచ్చట మల్లొక్కపారి చెప్పు,” అన్నాడు. నౌకరీ పోతే రేపటి బియ్యం ఎక్కడివని, బాల్‌సింగ్ మళ్లీ చెప్పాడు. ఆ రోజు మింగిన ఉమ్మి ఇంకా గొంతులోనే ఉంది.

వానాకాలం పోయింది, యాసంగి పోయింది. ఆ ముక్కలో గరక కూడా లేవలేదు. విత్తనాల దుకాణం వాడు బాకీ కోసం ఇంటి ముందు కూర్చున్నాడు. ఉప్పు తేలిన భూమిని అడిగినవాడు లేడు, ఒక్క సంపత్ తప్ప. మళ్లీ కారులో వచ్చాడు, మళ్లీ అన్నా అన్నాడు. ఏమీ మొలవని జాగకు ఇసుక పోస్తే బీచ్ అవుతుందన్నాడు. ఈసారి కౌలు కాదు, రిజిస్ట్రేషన్. చంద్రి చాయ పెట్టలేదు.

ఇప్పుడు అక్కడ వాగు ఇసుక, ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు ఉన్నాయి. బాయిని పూడ్చి దాని మీద సిమెంటు ఆక్టోపస్‌ను కూర్చోబెట్టారు. పార్కు చరిత్రలో ఒక వాక్యం పెరిగింది. సముద్రం మీది ప్రేమతో ఒక గిరిజన రైతు తన భూమిని సంతోషంగా ఇచ్చాడని. దాన్ని మైకులో చదవాల్సింది కూడా బాల్‌సింగే.

మొన్న భూపాలపల్లి నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ఇసుక దిక్కు చూస్తూ, బీచ్ ఎంత పెద్దగుంటుందని అడిగింది. అంతసేపూ చదివినదంతా అబద్ధమే. ఈ ఒక్కటి మైకు పక్కకు పెట్టి చెప్పాడు.

“ఎకరం ఇరవై మూడు గుంటలమ్మా. బాయితోటి.”