లెక్కలోకి రాని అలవాటు

తెల్లవారగానే ఆ ఊరి ఆడవాళ్ళు కాలువ గట్టున చేరతారు. ఒడిశాలో బర్గఢ్ చుట్టుపక్కల నేతగాళ్ళ ఊళ్ళలో ఇది మామూలే. ప్రతి చేతిలోనూ ఒక చిన్న రేకు డబ్బా, అందులో బెల్లంపాకం వాసన వేసే నల్లటి ముద్ద. దాన్ని చూపుడువేలికి అంటించుకుని పళ్ళ మీదా చిగుళ్ళ మీదా రుద్దుకుంటూ మెట్ల మీద కూర్చుంటే ఊళ్ళో సంగతులన్నీ అక్కడికే వస్తాయి. దాని పేరు గుడాఖు. పొగాకును బెల్లం మడ్డితో, ఎర్రమట్టితో కలిపి చేస్తారని అందరికీ తెలుసు. తెలిసినా దాన్ని పొగాకు అని ఎవరూ అనుకోరు. మగవాళ్ళు కాల్చేది పొగాకు. ఇది పళ్ళు తోముకునేది, అంతే. పాఠకులు ఈ డబ్బాను కాస్త గుర్తుపెట్టుకోవాలి.

ఆ మెట్ల మీద రోజూ కూర్చునేవాళ్ళలో ఝరణ ఒకతె. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి తిరిగి వచ్చింది. రంగులద్దే ముందు నూలుకు ముడులు కట్టడంలో ఆమెది తిరిగిన చేయి. తల్లి పోయినప్పటి నుంచి తమ్ముడు క్షీరోద్‌ను పెంచింది ఆమే. అతను మంచి నేతగాడు. ఇప్పుడు మగ్గం మీద కూర్చోలేడు. అతని మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. జిల్లా ఆసుపత్రిలో యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకుని, నడవలేక నడిచి ఇంటికి వస్తున్నాడు.

ఝరణ తన మూత్రపిండం ఇస్తానంది. ఇద్దరి రక్తాలూ కలిశాయి. ఆ కబురు విన్న రోజు గట్టు మీద సాబిత్రి అత్త వేలు నోట్లోంచి తీసి నవ్వింది.

"నీ కిడ్నీ పెట్టాక చూడవే, పొద్దున లేస్తూనే వాడూ డబ్బా పట్టుకుని మన పక్కనొచ్చి కూర్చుంటాడు."

"రానీ అత్తా. వాడు లేచి ఇక్కడిదాకా నడిచొస్తే చాలు, డబ్బా నేనే కొనిస్తాను" అంది ఝరణ.

భువనేశ్వర్‌లోని ఆసుపత్రిలో పరీక్షలు మొదలయ్యాయి. ఒక యువ వైద్యుడు ఆమెను చాలా ప్రశ్నలు అడిగాడు. పొగాకు, సారా లాంటివి ఏమైనా ఉన్నాయా అని అడిగితే ఝరణకు కాస్త కష్టంగా కూడా అనిపించింది. మా ఇంట్లో ఆడవాళ్ళకు అలాంటివి లేవని చెప్పింది. పక్కనే ఉన్న మరదలు, క్షీరోద్ భార్య కుంతల అవునని తలూపింది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. తాము నమ్మినదే చెప్పారు.

అన్నీ బాగానే ఉన్నాయి, రక్తంలో ఒక్కటి తప్ప. ఒంట్లో ఎక్కడైనా వాపు ఉన్నా, క్రిములతో పోరు జరుగుతున్నా రక్తంలో పెరిగే పదార్థం ఒకటి ఉందట. ఆమెలో అది చాలా ఎక్కువగా ఉంది. ఎక్కడో నిప్పు ఉందని అది చెబుతుందే గాని ఎక్కడుందో చెప్పదని వైద్యుడు వివరించాడు. ఆ సంగతి తేలకుండా కోస్తే ఆమెకూ ప్రమాదమే, తమ్ముడికీ ప్రమాదమే. ఆపరేషన్ వాయిదా పడింది.

వెతుకులాట మొదలైంది. ఛాతీ ఫొటో తీశారు, కడుపు చూశారు, క్షయ ఉందేమో అని చూశారు. మందులు మింగించి మళ్ళీ రక్తం తీశారు. కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగింది. పరీక్షకు వెళ్ళే ప్రతి ఉదయం ఏమీ తినకూడదంటే ఝరణ మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఆకలికీ భయానికీ తల తిరుగుతుంటే గుడాఖు మాత్రం రెండోసారి రుద్దుకునేది. అది మింగేది కాదు కదా అనుకునేది. వాయిదా పడిన కొద్దీ దిగులు పెరిగింది. దిగులు పెరిగిన కొద్దీ డబ్బా తొందరగా ఖాళీ అయ్యేది.

నేత వీధిలో మరో మాట పుట్టింది. ఝరణ రక్తంలో ఏదో చెడు ఉందట, డాక్టర్లకే అంతుపట్టడం లేదట. ఆమెతో కలిసి రంగు కుండ దగ్గర పనిచేసేవాళ్ళు కాస్త ఎడంగా కూర్చోవడం మొదలుపెట్టారు. క్షీరోద్ ఒక్కడే నవ్వించాలని చూసేవాడు.

"నీ రక్తం కూడా నీలాంటిదే అక్కా. ఒకరి మాట వినదు."

నవ్వబోయి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. తమ్ముడి కాళ్ళు అప్పటికే బాగా వాచి ఉన్నాయి.

చివరికి ఆమెను పళ్ళ వైద్యురాలి దగ్గరికి పంపారు. వయసు మళ్ళిన మనిషి. ఝరణ కింది పెదవిని మెల్లగా లాగి చూసింది. చిగుళ్ళు నల్లబడి ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే రక్తమూ చీమూ వచ్చాయి.

"గుడాఖు ఎన్నేళ్ళుగా రుద్దుతున్నారమ్మా?"

"చిన్నప్పుడు పన్ను నొప్పంటే మా అమ్మే పెట్టింది. అప్పట్నుంచీ."

"పొగాకు లేదని రాసి ఉందే."

"గుడాఖు పొగాకు కాదు కదమ్మా. అది పళ్ళకి."

వైద్యురాలు కసరలేదు. చేతి తొడుగులు తీసి ఆమె ఎదురుగా కూర్చుంది.

"మిమ్మల్ని అడిగినవాళ్ళదీ తప్పే. పొగాకు ఉందా అని అడిగారు గాని గుడాఖు ఉందా అని అడగలేదు. మీ చిగుళ్ళు రోజూ దెబ్బతింటున్నాయి. ఆ పుండుతో మీ ఒళ్ళు తెరిపి లేకుండా పోరాడుతోంది. రక్తంలో కనిపిస్తున్నది ఆ పోరేనని నాకు అనిపిస్తోంది. పొయ్యి పొగైనా, పొగాకైనా, పంటి జబ్బైనా, నిద్ర లేకపోయినా, మనసులో దిగులున్నా ఒక్కోసారి రక్తంలో తెలిసిపోతుందమ్మా. మనం లెక్కపెట్టకపోయినా అది లెక్కపెడుతుంది."

ఝరణ ఆ రోజే డబ్బా పారేసింది. ఆ తర్వాతి రోజులు ఆమెకు నరకమయ్యాయి. తల పగిలిపోయేది, కడుపు కదిలేది కాదు, నూలు మీద ముడి వేస్తుంటే వేళ్ళు వణికేవి. కట్టిన ముడులు జారిపోయి ఒక చీర నూలంతా రంగు కలిసి పాడైంది. అయినా మళ్ళీ ముట్టలేదు. చిగుళ్ళకు వైద్యం చేశారు. రక్తంలో పెరిగినది నెమ్మదిగా దిగింది. కొత్త పంట పండగ నువాఖాయి వెళ్ళాక ఆపరేషన్ అన్నారు.

ఆ పండగ క్షీరోద్ చూడలేదు. ముసురు పట్టిన రోజుల్లో, యంత్రానికి కలపడానికి మెడలో అమర్చిన గొట్టం దగ్గర చీము చేరి జ్వరం వచ్చింది. బలం లేని ఒళ్ళు తట్టుకోలేదు. ముందే ఆపరేషన్ జరిగి ఉంటే బతికేవాడా అని ఝరణ అడిగింది. ఎవరూ చెప్పలేరని వైద్యుడు అన్నాడు. అది ఓదార్పో కాదో ఆమెకు తెలియలేదు.

పదోరోజు స్నానాలకు ఆడవాళ్ళంతా కాలువకు వచ్చారు. ఏడ్చి ఏడ్చి అలసిపోయి మెట్ల మీద కూర్చున్నారు. కాసేపటికి ఒక్కొక్కరి కొంగు ముడిలోంచీ డబ్బాలు బయటికి వచ్చాయి. సాబిత్రి అత్త ప్రేమగా తన డబ్బా ఝరణ ముందు పెట్టింది.

"ఏమీ తినలేదు కదే. కాస్త రుద్దుకో, తల తేలికవుతుంది."

ఆ వాసనకు ఝరణ నోరు ఊరింది. అది ఆమెకు తెలిసింది, సిగ్గేసింది. పక్కన కుంతల అప్పటికే వేలు ముంచింది. ఝరణ ఆమె చెయ్యి పట్టుకుని కాలువ నీళ్ళలో ఆ వేలు కడిగింది.

"వదినా, ఈ ఒక్క రోజుకీ" అంది కుంతల నీరసంగా.

"వద్దమ్మా. నేనూ అలాగే అనుకున్నాను, ప్రతి రోజూ."

సాబిత్రి అత్త ముఖం చిన్నబుచ్చుకుంది. "మా అమ్మ రుద్దింది, వాళ్ళమ్మ రుద్దింది. ఇదేమన్నా పొగాకా ఏమిటే?"

అందరూ ఝరణ వైపు చూశారు. ఎప్పుడూ పదిమందిలో నోరు విప్పని మనిషి ఆమె. డబ్బా మూత పెట్టి, అత్త ఒడిలో తిరిగి ఉంచి, మెల్లగా చెప్పింది.

"పొగాకే అత్తా. ఆసుపత్రిలో అడిగినప్పుడు నాకు ఆ మాట తట్టలేదు. వీలైతే మానండి. మానలేకపోతే, డాక్టరు అడిగినా అడగకపోయినా మనం తినేదీ పీల్చేదీ రుద్దుకునేదీ దాచకుండా చెప్పండి. మనం అలవాటని కూడా అనుకోనిది మన రక్తంలో ఉంటుంది, మనల్ని నమ్ముకున్నవాళ్ళు ఆ రక్తం కోసమే ఎదురుచూస్తుంటారు."